ఒడి కనబడుట లేదు

ఉదయం ఎనిమిదింటికి కుర్చీలో కూర్చుని పేపరు విప్పగానే, నా ఒడిని ఎవరో ఎత్తుకుపోయారని తెలుస్తుంది.

తొడలున్నాయి. మోకాళ్ళున్నాయి. వాటి మీద ఉండాల్సిన ఒడి మాత్రం లేదు. పేపరు నేరుగా నేల మీద పడుతోంది. రోజూ బల్ల మీద పరిచి చదువుతాను కాబట్టి ఇన్నాళ్ళూ గమనించలేదు.

తలుపు గడియ వేసినట్టే ఉంది. కిటికీ ఊచలు వంగలేదు. ఇల్లంతా వెతికితే ఇంకొకటి కూడా పోయిందని తేలుతుంది: ఇస్త్రీ పెట్టె కాల్చిన మచ్చ ఉన్న నా నీలం గళ్ళ లుంగీ. ఎప్పుడు పోయిందో చెప్పడానికి ఈ ఇంట్లో రెండో మనిషి లేడు.

ఫోను మోగుతుంది. నా చెల్లెలు వారుణి.

"అన్నయ్యా, పన్నెండింటికి ఊర్వికి చెవులు కుట్టిస్తున్నాం. మేనమామ ఒళ్ళోనే కుట్టించాలని రెండేళ్ళు ఆగాం. ఇవాళ కూడా నువ్వు రాకపోతే సింహాద్రన్నయ్య ఒళ్ళో కూచోబెట్టేస్తాం. తర్వాత నన్ననకు."

"వస్తాను."

"ఏదైనా బొమ్మ పట్రా. అది నీ మొహం కూడా చూళ్ళేదు. బొమ్మని చూసైనా నీ దగ్గరికొస్తుంది."

సింహాద్రి మా బాబాయి కొడుకు. వారుణి సీమంతం శుభలేఖలో వాడి పేరు నా పేరుకన్నా పైన పడింది. నేను వెళ్ళలేదు. పాప పుట్టినప్పుడూ వెళ్ళలేదు. ఆ శుభలేఖ ఇప్పటికీ నా గోడ మీదే ఉంది. అందులో వాడి పేరు నెలకో అంగుళం పైకి పాకుతుంది. పోయిన నెల గోడ దాటి కప్పు ఎక్కింది.

ఒడి పోయిందని వారుణికి చెప్పను. ముందు బొమ్మ కొనాలి.

మార్కెట్ వెనక బొమ్మల కొట్టులో అప్పలనర్సమ్మ అనే పెద్దావిడ ఎత్తుపీట మీద కూర్చుని, ఒక్కో బొమ్మనీ నాకి రుచి చూస్తోంది.

"పాప వయసెంత బాబూ?"

"ఒక రోజు."

"పుట్టి ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు."

"మరి ఒక్క రోజంతావేటి?"

"నాకు ఫోనులో చెప్పింది ఆ వయసే. ఆ తర్వాత నేను అడగలేదు."

ఆమె తలూపుతుంది. ఇలాంటి మేనమామలు ఆమెకు కొత్త కాదు.

మొదటి అరలోంచి గిలక్కాయ తీస్తాను. నా చేతిలోనే దాని రంగు వెలిసిపోతుంది.

"అది దాటిపోనాది. నడు, ముందుకి నడు."

నడుస్తాను. కొట్టు పొడుగవుతుంది. రోజుకో అర. పాప బోర్లాపడిన రోజుకి గుడ్డ కుందేలు. పన్నొచ్చిన రోజుకి రబ్బరు చేప. మొదటి అడుగు వేసిన రోజుకి మూడు చక్రాల తోపుడు బండి. అన్నీ దుమ్ము పట్టి ఉన్నాయి. ప్రతి దాని మీదా ఇచ్చేవారి పేరు రాసిన చీటీ ఉంది. అన్నిటి మీదా నా పేరే. పైనా కిందా ఇంకెవరి పేరూ లేదు.

ఏడువందల ముప్పయ్యో అరలో లక్క ఏనుగు నిలబడి ఉంది. చెక్కతో చేసింది, పసుపు రంగు, కాళ్ళకు చక్రాలు, మెడకు తాడు.

"నాకి సూడు," అని వెనక నుంచి అప్పలనర్సమ్మ అంటుంది. "పిల్లలు ముందు నోటితోనే ఆడతారు."

నాకుతాను. ఎవరో తిని వదిలేసిన పాలబువ్వ రుచి వస్తుంది.

"ఒళ్ళో పెట్టుకో."

ఆమె వెనకే తెచ్చిన ఎత్తుపీట మీద కూర్చుని పెట్టుకుంటాను. ఏనుగు నేల మీద పడుతుంది.

"ఒడేదీ?"

"దొంగలెత్తుకుపోయారు. ఇవాళే."

"ఇయ్యాల తెలిసినాది. పోయింది ఎప్పుడో. ఆకర్ని ఎవుల్ని కూకోబెట్టుకున్నావు?"

ఒక్క మొహమూ గుర్తు రాదు.

"ఏనుక్కి తెలుసు," అంటుందామె. "తాడట్టుకో."

పట్టుకుంటాను. ఏనుగు లాగుతుంది. దాని చక్రాలు కదలవు. వీధులే దాని కింద నుంచి వెనక్కి జరుగుతాయి. పన్నెండుకి ఐదు నిమిషాలుండగా వారుణి ఇంటి గుమ్మం వచ్చి మా ముందు ఆగుతుంది.

లోపల కంసాలి బంగారు తీగ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. సింహాద్రి చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వాడి ఒడి ఖాళీగా ఉంది.

"రా రా, పెద్దమనిషీ! పొద్దుట్నించీ పాపని పిలుస్తన్నాను, నా ఒళ్ళోకి రాదు. ముళ్ళేవైనా ఉన్నాయా ఏటి, నువ్వైనా చూసి చెప్పు!"

ఊర్వి మూలనున్న కుర్చీలో ఉంది. కుర్చీలో మనిషి లేడు. ఒక ఒడి మాత్రం ఉంది. దాని మీద పాప కాళ్ళు ఊపుతోంది.

"పాప పుట్టిన మర్నాటి నుంచీ ఇక్కడే ఉంది," అని వారుణి చెబుతుంది. "ఎవరిదో తెలీదు. తరిమితే పోదు. దీన్లో తప్ప పిల్ల నిద్రపోదు."

నీలం గళ్ళు. కుడి మోకాలి దగ్గర ఇస్త్రీ పెట్టె మచ్చ.

ఏనుగును పాపకిస్తాను. పాప దాని చెవి కొరికి, నా వైపు చూడకుండానే, రెండోసారి కొరుకుతుంది. నేను కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంటాను. లుంగీ మడతల్లోంచి నా గొంతే వినిపిస్తుంది, రెండేళ్ళు చిన్నది.

"నేనే. దొంగలెవరూ లేరు. పాప పుట్టిందని ఫోనొచ్చిన రోజు 'ఊఁ' అని పెట్టేసి, శుభలేఖ చూస్తూ కూర్చున్నావు. లేస్తావేమోనని సాయంత్రం దాకా చూశాను. నువ్వు లేవలేదు, నేను లేచాను. నాకు నడక రాదు. పాక్కుంటూ వచ్చాను. ఉత్తి చేతులతో రాలేదు, అసలు చేతులే లేకుండా వచ్చాను. అందుకే ఒక్క బొమ్మా తేలేకపోయాను. ఇక నీతో తిరిగి రాను. కుట్టేటప్పుడు పాప గింజుకుంటుంది, నేను పట్టుకోలేను. నువ్వు పట్టుకో. అయ్యాక, ఏనుగును కాస్త పక్కకు జరిపి నువ్వూ ఎక్కి కూర్చో. నీకూ ఎవరి ఒడీ లేదుగా."