బయటుండాది

సముద్రానికి పోయే రొట్టెలు బాగా ఎండాలని అత్త నాగక్క చెప్పింది, తానేదో సముద్రాన్ని చూసొచ్చినట్టు. ఓబుళేశ్వరి జొన్నరొట్టెను పెనం మీద ఇంకాసేపు ఉంచింది. పక్కన చెనిక్కాయల పొడి డబ్బా సిద్ధంగా ఉంది. ఇంత చేసిన మనిషికి మాత్రం కాలేజీ పిల్లలు పోయే బస్సులో చోటు లేదు. "హాస్టల్ వార్డెన్ పోతాదంట. నువ్వొద్దన్నాడు ప్రిన్సిపాల్ సార్," అని నిన్న సాయంత్రం భర్త భూపేష్ చెప్పాడు. ఆ నోటితోనే తన ఈత చెడ్డీ యాడుందని కూడా అడిగాడు.

భార్యాభర్తలిద్దరిదీ కర్నూలులో ఒకే డిగ్రీ కాలేజీ. అతను కామర్సు, ఆమె భూగోళం. సముద్రం ముఖం ఎరగకుండానే ఏళ్ళ తరబడి ఆటుపోట్ల పాఠం చెబుతోంది. పిల్లలనైనా ఒకసారి గోకర్ణం తీసుకుపోయి అలలు చూపించాలన్న ఆలోచన ఆమెదే. ఆడపిల్లల ఇళ్ళకు తిరిగి అమ్మానాన్నలను ఒప్పించిందీ ఆమే. గాజుల కొట్టు వలి సాహెబ్ కూతురు ముబీనాను పంపనంటే పంపనన్నాడు. చివరికి, "మీరుంటే మా ఇంట్లో ఉన్నెట్లే మేడం. మీ మాట మీద పంపిస్తాండా," అన్నాడు. అంత చేశాక తనను ఎందుకు వద్దన్నారో తెలియక, ఎక్కడ తప్పు మాట్లాడానా అని నిన్నటి నుంచి ప్రిన్సిపాల్ ముఖాన్నే తలుచుకుంటోంది.

భూపేష్ రొట్టెల మూట పట్టుకుని ఈల వేసుకుంటూ పోయాడు. ఆమె మధ్యాహ్నానికి అత్త కోసం అన్నం పొయ్యి మీద పెట్టి, పిండి చేతులతో ఉండగానే తలుపు చప్పుడైంది. చూస్తే ముబీనా, శిల్ప, ఇంకా ముగ్గురు పిల్లలు. భుజాలకు బ్యాగులు అట్లాగే ఉన్నాయి.

"ఏమ్మే, బస్సు పోలేదా?"

"పోయింది మేడం, మొగపిల్లోల్లను ఎక్కించుకోని. లేడీ స్టాఫ్ లేకుండా మీరొద్దని మమ్మల్ని దింపేసినారు."

"వార్డెన్ రాలేదా?"

"వార్డెన్ని ఎవురు పిల్సినారు?" ముబీనా తల వంచుకుంది. "మీరు బయటున్నారంట గదా మేడం. దోవలో మంత్రాలయంలో దర్శనముంది, ఆమె రాకూడదు అని భూపేష్ సారే ప్రిన్సిపాల్ సారుకు చెప్పినాడు. బస్సు కాడ అందరికీ తెలుసు."

శిల్ప చూపు ఆమె చేతికంటిన పిండి మీద పడింది. ఈ ఇంట్లో బయటున్న ఆడది మూడు రోజులు వంటింటి గడప తొక్కదని ఆ పిల్లకూ తెలుసు. ఓబుళేశ్వరికి ముఖం భగ్గుమంది. తన ఒంటి సంగతి, తనకు లేని సంగతి, మగవాళ్ళ మధ్య నిలబడి సెలవు చీటీ ఇచ్చినట్టు ఇచ్చేశాడా? తను ఏ రోజు బయటున్నదీ ఆ మనిషికి ఎప్పుడైనా పట్టిందా? కడుపు నొప్పి అని ముడుచుకుని పడుకుంటే, "అందరు ఆడోల్లకూ ఉండేదే గదా, కాఫీ పెట్టు," అన్న నోరే కదా అది! ఇద్దరం పోతే అమ్మకు ఇబ్బంది, నువ్వాగు అని అడిగి ఉంటే ఆగిపోయేది. ఎన్నిసార్లు ఆగలేదు గనక! అడగాల్సినంత మనిషిగా కూడా తను అతనికి కనబడలేదు. పైగా నమ్మి, అతనికే రొట్టెలు కట్టింది. అది తలుచుకుంటే ఏడుపు కన్నా ముందు మంట వచ్చింది.

"నీకు తెలుసా అత్తా?"

నాగక్క టీవీ మీది నుంచి చూపు తిప్పలేదు. ఆమె మంచం పట్టిన మనిషేం కాదు, పెళ్ళి భోజనానికి పోతే అడిగి మరీ మారు వడ్డించుకుంటుంది. "తెలుసులేమ్మా. నువ్వు పోతే నాకెవురు చేసి పెడతారు? వాడు నలుగురిలో అనేసినాక నువ్వు బయటున్నట్టే లెక్క. ఇంగ రచ్చ చేయొద్దు."

"బయటున్నట్టే లెక్కా?"

"ఆఁ."

"అట్లయితే మూడు దినాలు నేను పొయ్యి ముట్టుకోకూడదు గదత్తా. అన్నం ఉడుకుతాంది. నువ్వే దించుకో."

ఓబుళేశ్వరి వంటింట్లోకి తిరిగి పోకుండా వాకిట్లో కొళాయి దగ్గరే చేతులు కడుక్కుని, వలి సాహెబ్‌కు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. "కాలేజీ బస్సు కాదన్నా. నేనే తీసుకపోతాండా. పంపిస్తారా?"

"బస్సును చూసి పంపినానా మేడం? మిమ్మల్ని చూసి పంపినా," అన్నాడాయన.

మిగతా ఇళ్ళకూ ఫోన్లు పోయాయి. శిల్ప నాన్న మాత్రం ససేమిరా అన్నాడు. ఆ పిల్ల ఏడ్చుకుంటూ ఇంటికి పోయింది. తక్కిన నలుగురితో ఓబుళేశ్వరి గోకర్ణం దోవలో మొదట బళ్ళారి బస్సెక్కింది.

ఆలూరు దాటాక భూపేష్ ఫోన్ చేశాడు. "అమ్మ ఫోన్ చేసి ఒకటే అరుస్తాంది. పొయ్యి మీద అన్నం మాడిపోయిందంట! యాడుండావు నువ్వు?"

కిటికీ పక్క సీటు ముబీనా ఆమెకే ఇచ్చింది. గాలికి కొంగు ఎగురుతోంది. ఆమె దాన్ని సర్దుకోలేదు.

"మీరే చెప్పినారు గదా అందరికీ," అంది ఓబుళేశ్వరి. "బయటుండా."