సూరయ్య పొట్టలో పట్టు

ముందుగా ఒక సంగతి ఒప్పేసుకోవాలి. ఈ కథలో దివ్య అబద్ధమాడుతుంది, నేను ఆ పిల్ల పక్షమే. తీర్పు చెప్పేవాళ్లు కాస్త ఆగండి.

2008, శ్రావణమాసం. బండారులంకలో సూరయ్య మగ్గం గుంతలో కూర్చుని నేస్తూ నేస్తూ నడుం పట్టుకుని పక్కకి ఒరిగిపోయాడు. కాకినాడలో స్కాన్ తీసి, పొట్టలోని పెద్ద రక్తనాళం బుడగలా ఉబ్బి చిట్లిందన్నారు. చుట్టూ ఉన్న కండ అదిమి పట్టబట్టి ప్రాణం నిలిచిందట. ఎంతసేపు నిలుస్తుందో చెప్పలేమన్నారు.

విశాఖకి అంబులెన్సు. దారిపొడుగునా కూతురు దివ్య కాళ్లు ఒకచోట నిలవలేదు. ఇంజనీరింగు చదివిన పిల్ల కదా, మానిటర్ మీద బీపీ ఎనభై దగ్గర ఊగుతుంటే ఏ తీగ కదిపితే బాగవుతుందా అని చూసింది. కదిపేందుకు ఏమీ లేదు. గోళ్లు కొరికింది. అన్నవరం దాటేసరికి అవీ అయిపోయాయి.

పొట్ట కొయ్యక్కర్లేదన్నారు విశాఖ డాక్టరు గారు. గజ్జల్లో రెండు చిన్న రంధ్రాలు చేసి, మడిచిన గుడ్డ గొట్టాన్ని నాళంలోంచి పైకి పంపి, చిట్లినచోట విప్పుతారట. పూర్తి మత్తు ఇవ్వరు, మనిషి కదలకుండా పడుకోవాలి. అంతా చెప్పి ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

సూరయ్య ఒక్క మాట దగ్గరే ఆగిపోయాడు.

"ఏం గుడ్డే అది?"

దివ్యకి తెలుసు. సంతకం కాగితంతోపాటు ఇచ్చిన పుస్తకంలో ఉంది: పాలిస్టరు.

మరమగ్గాల పాలిస్టరు చీరలొచ్చి వీధిలో సగం మగ్గాలు ఆగిపోయాక, ఆ గుడ్డని సూరయ్య గడప తొక్కనివ్వలేదు. బావమరిది పెట్టిన చొక్కాని మడతైనా విప్పకుండా తిరిగిచ్చేసిన మనిషి. ఇప్పుడు పెన్ను పట్టుకుని కూతురి మొహంలోకి చూస్తున్నాడు. బీపీ డెబ్భై రెండు.

"పట్టు, నాన్నగారూ."

"లోపలికి పట్టా? జరీ కూడా వేసేరేంటే?"

"అది నేనే వద్దన్నాను."

సంతకం పెట్టాడు.

తలుపు బయట గంటన్నర. దివ్య నీళ్ల కూలరు చుట్టూ తిరిగింది, ఎదురుగా గోడమీది బోర్డులన్నీ కింద నుంచి పైకి చదివింది. ఆయన పోతే తను చెప్పిన ఆఖరి మాట అబద్ధమే అవుతుంది. మధ్యలో నర్సు వచ్చి, మనిషి అస్సలు కదలట్లేదని, అంగుళానికి ఎన్ని పోగులని మాత్రం అడుగుతున్నాడని చెప్పింది. అదృష్టం, డాక్టరు గారికి పోగుల లెక్క తెలీదట.

సూరయ్య బతికాడు.

నెల తర్వాత పరీక్షకి వెళ్తే, డాక్టరు గారి బల్లమీద ఆ గొట్టం నమూనా ఉంది. సూరయ్య దాన్ని తీసుకుని బొటనవేలితో ఒకసారి రుద్దాడు. కుర్చీ కింద దివ్య కాళ్లు మళ్లీ మొదలయ్యాయి. ఆయన దాన్ని మళ్లీ బల్లమీదే పెట్టేశాడు.

మెట్లు దిగేటప్పుడు అన్నాడు. "నేత గట్టిదే. నేతగాడి కూతురివై ఉండి పట్టేదో నీకు తెలీలేదంటే నేన్నమ్మను."

దివ్య తల వంచుకుని "ఆయ్" అంది.

"మీ మావయ్యకి మటుకు చెప్పకు."

మీ ఇంట్లోనూ ఆపరేషను గది గుమ్మంలో ఆడిన అబద్ధం ఏదైనా ఉంటే రాసి పంపండి. మీ మావయ్యలకి చెప్పం.