ఆమె పలికే దాకా

రైలు డ్రైవర్ల విశ్రాంతి గదిలో అతన్ని అందరూ గడియారం అనేవారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో అతని బండి ఆలస్యమైందంటే అది వానదో పట్టాలదో తప్పయి ఉండాలి గాని అతనిది కాదని పేరు. బూట్లకు పాలిష్, జేబులో మడత నలగని రుమాలు, డ్యూటీకి అరగంట ముందే హాజరు. కొత్తగా చేరినవాళ్లకు పైఅధికారులు అతన్ని చూపించి "చూసి నేర్చుకోండి" అనేవారు. అలా అన్నప్పుడల్లా అతను తల దించుకునేవాడు. పాపం ఎంత వినయం అనుకునేవారంతా.

వినయం కాదది. గడియారానికి ఎరుపు, పసుపు, పచ్చ విడివిడిగా కనపడవు.

పుట్టుకతో వచ్చిన లోపం. ఉద్యోగానికి కంటి పరీక్ష ఉంటుందని తెలిసినప్పుడు ఇంట్లో పెద్ద మంతనాలే జరిగాయి. మేనమామ ఆ పరీక్ష చేసే రైల్వే ఆసుపత్రిలోనే అటెండరు. ఒక ఆదివారం చంకలో పెట్టుకుని రంగుల పరీక్ష పుస్తకం ఇంటికి తెచ్చాడు. పేజీ నిండా రంగు చుక్కలు, ఆ చుక్కల్లో దాగిన అంకెలు. మేనల్లుడికి చుక్కలే తప్ప అంకె కనపడలేదు.

"కనపడకపోతే ఏంరా, గుర్తుపెట్టుకో. ఎన్ని పేజీలని! చిన్నప్పుడు ఎక్కాలు బట్టీ పట్టలేదూ?" అన్నాడు మేనమామ.

పట్టాడు. ఆ తర్వాత ప్రతి పరీక్షకీ మూల చిరిగిన అదే పుస్తకం, అదే వరస. డాక్టరు పేజీ తిప్పకముందే సమాధానం నాలుక చివర ఉండేది. తొందరపడి ముందే చెప్పేయకూడదన్నదే అతని జాగ్రత్త అంతా.

శిక్షణ రోజుల్లో ఒక ముసలి మాస్టారు సిగ్నళ్ల చరిత్ర చెప్పేవాడు. జెండాలు, లాంతర్లు, గుంజకు వేలాడే చెక్క చేతులు అన్నీ గదిలో పెట్టి మరీ చెప్పేవాడు. "ఒకప్పుడు తెల్ల దీపమంటే పొమ్మని అర్థం. ఎర్ర అద్దం పగిలి పడిపోతే లోపలి దీపం తెల్లగా కనపడేది. ఆగాల్సిన బండి ఆగకుండా పోయేది. అందుకే తెలుపు మానేసి పచ్చ పెట్టారు" అని ఒకరోజు చెప్పి, ఇంకో మాట కలిపాడు. "మరో దేశంలో రెండు రైళ్లు గుద్దుకున్నాక ఒక డాక్టరుకి అనుమానం వచ్చింది, అసలు డ్రైవరుకి రంగులు తెలుస్తున్నాయా అని. రంగురంగుల ఉన్ని దారాలు చేతికిచ్చి జత కలపమన్నాడు. మీ కంటి పరీక్షకి తాత ఆ పరీక్షే."

క్లాసంతా నవ్వింది. అతనూ నవ్వాడు. నవ్వుతుంటే చెవులు వేడెక్కాయి.

మొదట్లో పెద్ద ఇబ్బంది రాలేదు. ఆ రోజుల్లో దారి పొడవునా గుంజకి చెక్క చెయ్యి ఉండే చేతి సిగ్నళ్లే. చెయ్యి అడ్డంగా ఉంటే ఆగాలి, వాలి ఉంటే పోవాలి. దానికి రంగుతో పనేముంది? తర్వాత చేతులు పీకేసి దీపాలు పెట్టారు. పైన పచ్చ, మధ్యన పసుపు, కింద ఎరుపు. ఏ దీపం వెలుగుతోందో గుంజ మీద దాని చోటుని బట్టి పోల్చుకునేవాడు. గుంజ సరిగ్గా కనపడని చోట మరో దారి ఉంది. సిగ్నల్ రాగానే డ్రైవరూ అసిస్టెంటూ ఇద్దరూ దాన్ని పైకి పలకాలన్నది రూలు. గడియారం ఎప్పుడూ అసిస్టెంటు పలికేదాకా ఆగి, తర్వాత తను పలికేవాడు.

గత మూడేళ్లుగా అతనికి అసిస్టెంటు ఒకావిడ. ఆవిడ ముద్దుపేరు మైకు. ఇంజను ఎంత మోత పెట్టినా ఆవిడ గొంతు దాని పైనుంచి వినపడేది. ఆవిడ 'గ్రీన్' అంటే తర్వాతి స్టేషన్లో గేటు వేసేస్తారని జోకు. గడియారాన్ని "అన్నగారూ" అని పిలిచేది. ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బాలో సగం అతని ముందు పెట్టేది.

ఆ శీతాకాలం ఉదయం మంచు దట్టంగా కమ్మింది. ఇంజను వెనక గదిలోంచి, బ్రేకులకి గాలి నింపే కంప్రెసర్ కిరకిరలాడుతూ చప్పుడు మొదలుపెట్టింది.

"ఒకసారి చూసి రామ్మా" అన్నాడు గడియారం.

"సిగ్నల్ దగ్గరికొచ్చేశాం అన్నగారూ. దాటాక పోతాను."

"పర్లేదు, నేనున్నాగా."

ఆ మాట ఎందుకన్నాడో తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా అతనికి అంతుపట్టలేదు. ఇరవై రెండేళ్లుగా పట్టుబడని ధీమా కావచ్చు. ఆవిడ వెనక్కి వెళ్లింది. మంచులో ఒక వెలుగు ఊడిపడింది. గుంజ లేదు, పైనా కిందా లేదు, గాలిలో వేలాడే దీపం ఒక్కటే. పచ్చో, పసుపో! ఈ టైములో ఇక్కడ ఎప్పుడూ పచ్చే ఉంటుంది కదా అనుకున్నాడు. ఖాళీ క్యాబులో "గ్రీన్" అని తనే పలికి, వేగం తగ్గించకుండా పోనిచ్చాడు.

అది పసుపు. తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధపడమని.

మైకు తలుపు తీసుకుని వస్తూనే కేక పెట్టింది. "రెడ్! అన్నగారూ, రెడ్!" ఆ కేకతో పాటే తన వైపున్న ఎమర్జెన్సీ బ్రేకు లాగేసింది. చక్రాలు కీచుమన్నాయి. బండి ఎర్రదీపాన్ని దాటి, ఇంకా జారి, ఇంకా జారి ఆగింది. ముందర నలభై అడుగుల దూరంలో పట్టాల మీద పనివాళ్ల ట్రాలీ. దాని మీదున్న నలుగురూ తలోవైపు దూకేశారు. వాళ్లలో వయసు మళ్లిన గ్యాంగ్‌మ్యాన్ మణికట్టు విరిగింది. కంకర మీద కూర్చుని చెయ్యి ఒళ్లో పెట్టుకుని, తిట్టడం కూడా మర్చిపోయి ఇంజను వైపు చూస్తున్నాడు. ఆ చూపు గడియారాన్ని వదల్లేదు.

వారం తర్వాత విచారణ. సిగ్నళ్లు సరిగ్గానే పనిచేశాయని రికార్డులు చెప్పాయి. తప్పు క్యాబులోనే జరిగింది. విచారణ అధికారి తెల్లకాగితాలు ముందుకు తోసి, ఏం జరిగిందో రాయమన్నాడు.

గడియారం దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. మంచు వల్ల సిగ్నల్ స్పష్టంగా కనపడలేదని రాశాడు. కాసేపు పెన్ను నమిలాడు. తర్వాత రాశాడు: 'అసిస్టెంటు సిగ్నల్ పలకలేదు.'

అందులో అబద్ధం లేదు. నిజంగానే ఆవిడ పలకలేదు. వెనక్కి పంపింది తనేనన్న సంగతి మాత్రం రాయలేదు. పెట్టిన సంతకం వేరేవాళ్లదిలా పడింది.

మైకు తన కాగితంలో కంప్రెసర్ దగ్గరికి వెళ్లానని రాసింది. ఎవరు వెళ్లమన్నారో రాయలేదు. అధికారి అడిగితే "చప్పుడు విని వెళ్లాను సార్" అంది. సిగ్నల్ వచ్చే వేళ చోటు వదిలినందుకు ఆవిడ్ని అక్కడికక్కడే సస్పెండ్ చేశారు. గడియారాన్ని అతని పాత రికార్డు కాపాడింది. విచారణ ముగిసేదాకా యార్డులో పనిచేయమన్నారు.

బయట వరండాలో ఆవిడ అతని కోసం కాచుకుని ఉంది. తిడుతుందేమోనని అతను అడుగులు నెమ్మది చేశాడు. నిజానికి తిడితే బాగుండుననే అనుకున్నాడు.

"నన్ను క్షమించండి అన్నగారూ" అంది మైకు. "నేను ఇంకో అర నిమిషం ముందొచ్చి ఉంటే మీకీ మాట వచ్చేది కాదు. మచ్చలేని సర్వీసు మీది."

అతను మెట్ల వైపు తిరిగాడు.

"మీకో సంగతి చెప్పాలి. వేరే డ్రైవర్లు నేను పలికేదాకా ఆగరు. ఆడదాని గొంతు వినేదేంటి అన్నట్టు ముందే అరిచేస్తారు. మీరొక్కరే ప్రతిసారీ నా మాట కోసం ఆగేవారు. మా ఇంట్లో ఎంత గొప్పగా చెప్పుకునేదాన్నో! 'మా అన్నగారు నాకు విలువిస్తారు' అని." కళ్లు తుడుచుకుని నవ్వబోయింది. "అందుకే మీరు పంపారని రాయలేదు. మిమ్మల్ని ఇరికించబుద్ధి కాలేదు."

నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించడమంటే ఏమిటో అతనికి ఆ వరండాలో తెలిసింది. తల ఊపాడు. మెట్లు దిగి, వెనక్కి చూడకుండా నడిచాడు. వీధి మలుపు తిరిగాక గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. దారినపోయే ఒకాయన "ఏమైందండీ, ఒంట్లో బాగాలేదా?" అని ఆగితే, "బాగానే ఉంది" అని అబద్ధమాడాడు. అబద్ధం నోట్లోంచి ఎంత సులువుగా వస్తోందో చూసుకుని అసహ్యమేసింది.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు గాని ముద్ద దిగలేదు. భార్య ఎదురుగా కూర్చుంది.

"నీకో మాట చెప్పాలి" అన్నాడు. "నాకు... రంగులు..."

"తెలుసు" అందామె.

అతను తలెత్తాడు.

"పెళ్లైన నెలకే తెలుసు. ఎర్ర చీర కట్టుకుని ఎలా ఉందని అడిగితే, ఈ పచ్చ చీర నీకు బాగుందన్నారు. వేళాకోళం అనుకున్నాను. తర్వాత టమాటాలు తెమ్మంటే అన్నీ కాయలే ఏరుకొచ్చారు. అప్పట్నుంచి మీ బట్టలు నేనే జతలు జతలుగా తీసిపెడుతున్నాను. ఎప్పుడైనా గమనించారా?"

"మరి ఇన్నేళ్లూ ఎందుకడగలేదు?"

"మీరే చెబుతారని చూశాను. తర్వాత అడగాలంటే భయమేసింది. అడిగితే ఉద్యోగం పోతుంది. ఇద్దరు పిల్లల చదువులు..." ఆమె కంచం వైపు చూస్తూ అంది. "మీరు డ్యూటీకి వెళ్లిన ప్రతిరోజూ బండిలో ఎంతమంది ఉంటారో అనుకునేదాన్ని. అనుకుని, మళ్లీ వంటపనిలో పడిపోయేదాన్ని. సిగ్గు మీ ఒక్కరిదే కాదు."

ఆ మాటతో అతని బరువు తగ్గలేదు, రెట్టింపయింది. తన అబద్ధాన్ని ఇంట్లో మరో మనిషి చేత కూడా మోయించాడన్నమాట!

మర్నాడు ఆఫీసు తెరిచేసరికి విచారణ అధికారి గది ముందున్నాడు. పిలవగానే లోపలికి వెళ్లి, నిలబడే చెప్పేశాడు. మేనమామ, పుస్తకం, బట్టీ, మంచు, ఆవిడ్ని తనే వెనక్కి పంపడం, ఆ కాగితం మీద రాయనిది. అధికారి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నువ్వా?" అన్నాడు. ఆ ఒక్క మాట చాలింది.

ఆసుపత్రిలో ఈసారి డాక్టరు కొత్త పుస్తకం తెచ్చి, నడిమధ్యన తెరిచింది. "ఏం కనపడుతోంది?"

"చుక్కలు."

ఇంకో పేజీ. "ఇక్కడ?"

"చుక్కలేనమ్మా."

జీవితంలో మొదటిసారి ఆ కుర్చీలో నిజం చెప్పాడు. హాయిగా ఉంటుందనుకున్నాడు గాని, హాయేమీ లేదు. డాక్టరు రాసుకుంటూ "ఇన్నేళ్లు మా వాళ్లు ఏం చూశారో" అని గొణిగితే, ఆ పాత డాక్టర్లకి కూడా తన వల్లే తలవంపులని తల వంచుకున్నాడు.

కబురు గుప్పుమంది. పుస్తకాలన్నీ మార్చారు, డ్రైవర్లందరికీ మళ్లీ పరీక్షలు పెట్టారు. వాళ్లలో ఒకతను తప్పాడు. పదవీ విరమణకి ఏడాది ఉన్న పెద్దమనిషి. అతను గడియారం ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి, "నీ పుణ్యమా అని" అని మాత్రం అని వెళ్లిపోయాడు. విశ్రాంతి గదిలోకి అతను రాగానే మాటలు ఆగిపోయేవి. గడియారం అనడం కూడా మానేశారు, ఉద్యోగుల జాబితాలో ఉన్న పేరుతో పిలిచేవారు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

మైకు సస్పెన్షన్ ఎత్తేశారు. డ్రైవరుగా ప్రమోషన్ కోసం ఆమె ఎదురుచూస్తున్న శిక్షణ మాత్రం ఆ గొడవలో ఏడాది వెనకబడింది. అతను ఆమె ఇంటికి వెళ్లాడు. ఆమె తలుపు తీసింది గాని లోపలికి రమ్మనలేదు.

"తప్పు చేశానమ్మా."

"రంగు కనపడకపోవడం మీ తప్పు కాదు" అంది. ఆ గొంతు అంత చిన్నగా ఉండటం అతను ఎప్పుడూ వినలేదు. "కాగితం మీద రాసింది మీ తప్పు. అది కూడా సర్దుకునేదాన్నేమో. మీరు నా మాటకి విలువిచ్చారనుకున్నాను చూడండి, దానికి ఏడుపొస్తోంది. మీరు నా కళ్లు వాడుకున్నారు. అడిగి ఉంటే ఇచ్చేదాన్నో లేదో తెలియదు. అడగనైనా అడగలేదు."

"అడగలేదు" అన్నాడు.

"వెళ్లి రండి సార్" అంది.

అన్నగారు అనలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు.

కోర్టు దాకా పోకుండా, జీతం తగ్గించి అతన్ని శిక్షణ కేంద్రంలో పాత సిగ్నళ్ల గదికి వేశారు. దుమ్ము దులపడం, చెక్క చేతులకి గ్రీజు రాయడం, లాంతర్ల అద్దాలు తుడవడం. చెప్పేవాళ్లు లేక, కొన్నాళ్లకి కొత్త బ్యాచీలకి వాటి చరిత్ర చెప్పే పని కూడా అతని మీదే పడింది. మొదటి రోజే ఎవరో అడిగారు, "మీరు డ్రైవింగ్ ఎందుకు మానేశారు సార్?" నీళ్లు నమలబోయి ఆగి, చెప్పేశాడు. ఆ తర్వాత ఎవరూ అడగకపోయినా ప్రతి బ్యాచీకీ తనే చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ చెవులు మండేవి. అలవాటవుతుందేమో అని చూశాడు. అవలేదు.

ఏడాదిన్నర తర్వాత ప్రమోషన్ శిక్షణకి వచ్చినవాళ్లలో రెండో వరసలో మైకు కూర్చుని ఉంది. ఆమెను చూసి అతని చేతిలోని సుద్దముక్క విరిగింది. ఆ రోజుకి తన సంగతి చెప్పకుండా దాటేయొచ్చు. ఆమెకి తెలియనిదేం కాదు, మిగతావాళ్లకి తెలియక్కర్లేదు. బోర్డు వైపు తిరిగి సిగ్నల్ గుంజ బొమ్మ గీశాడు. గీయడం అయ్యాక ఇటు తిరిగాడు.

"నేను కాగితం మీద ఒక మనిషి గురించి సగం నిజం రాశాను" అని మొదలుపెట్టాడు. పేరు చెప్పలేదు. మొత్తం చెప్పాడు. మైకు తల వంచుకుని నోట్సు రాస్తూనే ఉంది. ఎక్కడా పెన్ను ఆపలేదు.

గంట కొట్టాక అందరితో పాటే లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "సార్, ఎల్లుండి పరీక్షలో చేతి సిగ్నళ్ల మీద ప్రశ్న వస్తుందా?" అంది.

"వస్తుంది" అన్నాడు. "రెండు వస్తాయి."

ఆమె సరేనని వెళ్లిపోయింది. పరీక్ష అయ్యాక వచ్చిన జవాబు పత్రాల్లో ఆమెది వేరుగా తీసి పెట్టకుండా, వరసలో వచ్చినప్పుడే దిద్దాడు. రెండూ సరిగ్గా రాసింది. మార్కులు వేసి, కింద తన పేరు రాసి, తర్వాతి కాగితం తీసుకున్నాడు.