పేరు పీకిన గోరీ

మా నాయన గోరీ వయసు నాలుగు వందల ఏళ్లు. అలా చెప్పింది నేనే. ఆయన పోయింది మాత్రం 2003లో.

శామీర్‌పేట చెరువు అవతల గోల్కొండ సుల్తానుల కాలం నాటి గుమ్మటం ఒకటుంది. ఎవరో సర్దారు సమాధి. దానికి సున్నం వేసి దీపం పెట్టింది తరతరాలుగా మా ఇంటివాళ్లే. అందుకే నాయనను దాని పక్కనే పెట్టాం.

"నన్ను గూడ ఆయన పక్కకే పెట్టాలె, జలాల్. వేరే జాగల పెడితే నీ మొఖం జూడ" అనేది మా అమ్మ సైదాబీ.

"సచ్చినంక మొఖమెట్ల జూస్తవమ్మా?" అని నవ్వేవాణ్ణి.

2010లో రింగురోడ్డు పుణ్యమా అని చుట్టూ భూములన్నీ ప్లాట్లయ్యాయి. ప్లాట్లవాళ్ల జేసీబీ పక్కనే ఉన్న రెండు కొత్త గోరీలను చదును చేసేసింది. అదే వారం పట్నం నుంచి సరళ మేడం ఫోన్ చేసింది. ఆమె పాత కట్టడాలు చూసే గుంపుకు పెద్ద. ఆదివారం వచ్చి పాత సమాధులన్నీ రాసుకుంటారట. వాటి చుట్టూ సర్కారు కంచె వేస్తుందట. కొత్తవాటితో తమకు పనిలేదట.

శనివారం పొద్దున్నే గడ్డపారతో నాయన పేరున్న రాయి పీకాను. సున్నమంతా గీకి మట్టి పూశాను. అప్పుడే నా చేతులు విరిగిపోయినా బాగుండేది. అమ్మకు చెప్పలేదు.

"ఇదెవరిది జలాల్?" అని ఆదివారం వచ్చి అడిగింది మేడం.

"సర్దారు నౌకరుదట మేడం. మస్తు పాతది."

ఆమె ఫొటో తీసి రాసుకుంది. ఏడాది తిరక్కుండా కంచె, గేటు, తాళం అన్నీ వచ్చాయి. గెలిచాననుకున్నాను, బుద్ధిలేనివాణ్ణి.

2013 ఎండాకాలంలో అమ్మ పోయింది. నేను కంచె దగ్గరికి పరిగెత్తాను. కాపలా వీరయ్య మా ఊరివాడే. తాళం తీసే ధైర్యం లేక ఆఫీసరుకు ఫోన్ కలిపి ఇచ్చాడు.

"లోపల కొత్త సమాధులు కుదరవు. అక్కడున్నది మీ నాన్నే అయితే రాసివ్వండి. జాబితాలోంచి తీసేసి కంచె వెనక్కి జరుపుతాం" అన్నాడాయన, మర్యాదగానే.

కంచెను ఆనుకునే ప్లాట్ల హద్దురాళ్లున్నాయి. నిజం చెబితే అమ్మా నాయనా ఇద్దరూ ఎవరింటి పునాది కిందికో పోతారు.

"నాకేం కాడు సార్" అన్నాను.

వీరయ్య నన్ను అదోలా చూశాడు. "మీ నాయిన మీద పిడికెడు మట్టి నేను గూడ ఏసిన గదరా" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

అమ్మను మేడ్చల్ ఖబరస్తాన్‌లో పెట్టాం.

ఆ ఆదివారమే సరళ మేడం కొత్త గుంపుతో వచ్చింది. అందులో ఒకమ్మాయి మా నాయన గోరీ దగ్గర ఆగింది.

"అయ్యో, పేరు కూడా లేదే! ఈయనకు పెళ్లాం పిల్లలు ఎవరూ లేరా?"

అందరూ నావైపు చూశారు.

"లేరమ్మా" అన్నాను.