కాస్త హాస్యం

“మా ఆవిడకి వంట ఒక్కటే రాదు, మిగతావి అసలు రావు.” ఆయన ఈ మాట అనగానే ఆఫీసు స్నేహితులు చేతిలో ముద్ద పట్టుకునే పగలబడి నవ్వారు. ఆ ముద్ద నేను వండిందే. మళ్లీ కూర వడ్డిస్తూ నేనూ నవ్వాను, నవ్వకపోతే “జోకేసినా మొహం మాడ్చుకుంటుంది” అని దానిమీద ఇంకో జోకు పుడుతుంది కనుక. “ఖాళీగా ఉండి ఉండి అలసిపోతుంది.” “కూర్చుంటే సోఫా ఏడుస్తుంది.” పెళ్లయినప్పటినుంచీ ఇవే జోకులు, తిప్పి తిప్పి. ఒకసారి గదిలోకి వెళ్లి ఏడిస్తే అత్తగారు గుమ్మంలో నిలబడి, “సరదాకి అన్నదానికి ఇంత రాద్ధాంతం దేనికమ్మా” అన్నారు. ఆ సరదా అనే మాట వింటేనే నాకు ఒళ్లు మంట.

నేను పిల్లల బడిలో ఆయాని. ఇంటి చాకిరీ అయ్యాక, బడిలో ముక్కులు తుడవడం అయ్యాక, మిగిలిన ఓపికతో చదివి పరీక్షలు గట్టెక్కి, టీచరు శిక్షణ కాలేజీకి దరఖాస్తు పెట్టుకున్నాను. మీ గురించి మీరే ఒక వ్యాసం రాయండి, కాస్త హాస్యం ఉంటే బాగుంటుంది అన్నారు కాలేజీవాళ్లు. వ్యాసం నచ్చితేనే సీటు. ఆయన ఆ కాలేజీ ఉత్తరం చదివి, “హాస్యమా? నీకా? అద్దంలో చూసుకుని కనిపించింది రాయి, చాలు” అన్నారు. టీవీ ముందున్న అత్తగారు కిసుక్కున నవ్వారు.

కొత్తగా ఏమీ రాయక్కర్లేదని అప్పుడు తట్టింది నాకు. ఆయన జోకులన్నీ నాకు కంఠతా వచ్చు. ఒక్కొక్కటే రాస్తూ ‘ఆవిడ’ ఉన్నచోటల్లా ‘ఆయన’ అని పెట్టాను. మా ఆయనకి వంట ఒక్కటే రాదు, మిగతావి అసలు రావు. మా ఆయన ఖాళీగా ఉండి ఉండి అలసిపోతారు. ‘అలసిపోతుంది’ని ‘అలసిపోతారు’ చేసి, ఆయన నాకెప్పుడూ ఇవ్వని మర్యాద కూడా ఇచ్చాను. ఇవి ఇంట్లో నామీద వేసిన జోకులే, మాట ఒక్కటే మార్చాను అని చివర్లో రాశాను. రాస్తుంటే నాకే నవ్వాగలేదు.

మర్నాడు సాయంత్రం ఆయనకి ఇచ్చి చదవమన్నాను. రెండు వాక్యాలకే మొహం కందగడ్డ అయింది.

“ఇందులో నవ్వేదేముంది? మొగుడి పరువు బజార్న పడేస్తావా?”

“సరదాకేనండి.”

“మగాణ్ని పట్టుకుని ఇలా రాస్తారా ఎవరైనా?” అన్నారు అత్తగారు.

“మాట ఒక్కటే మార్చాను అత్తయ్యా. మిగతాదంతా మీ అబ్బాయి అన్నదే.”

ఆయన కాగితాన్ని ఉండ చుట్టి నా కాళ్ల దగ్గర విసిరారు. “ఇది గనక ఆ కాలేజీకి వెళ్లిందా, ఈ ఇంట్లో నీకు చోటు లేదు.”

అలవాటుగా వంగబోయి ఆగాను. ఉండ అక్కడే ఉంది.

“అసలుది పొద్దున్నే పంపేశానండి, ఇది నకలు. ఆ ఉత్తరంలోనే హాస్టల్లో చోటు కావాలా అని కూడా అడిగారు. కావాలని రాశాను.”