డోరా సాక్ష్యం

ప్రిసిల్లా భూస్థాపన నాడు తల్లి డోరా కంట చుక్క నీరు రాలేదు. తెల్లచీర కట్టుకుని, గుంట పక్కన నిటారుగా నిలబడి, అందరికంటే గట్టిగా కీర్తన పాడింది. "విశ్వాసమంటే ఇదీ!" అన్నారు పాస్టరయ్యగారు. డోరా భర్త ఏసురత్నం చర్చి సంఘంలో పెద్ద. ఆస్పత్రి వరండాలో బిడ్డ పోయిందని తెలిసి ఆమె అరవబోతే భుజం నొక్కిపట్టి, "మనోళ్లందరు చూస్తున్నరు, ధైర్యంగుండు" అన్నది ఆయనే.

ప్రిసిల్లా పోయిన సాయంత్రం, క్రిస్మస్‌కి గౌను కుట్టించుకుందామని తల్లీకూతుళ్లు రెజిమెంటల్ బజార్‌లో ఒక మేడమీది టైలర్ దగ్గరికెళ్లారు. కింద గోడౌన్ అంటుకుంది. ఎవరో డోరాను పొగలోంచి ఈడ్చుకొచ్చి బయట పడేశారు. పదహారేళ్ల పిల్ల మెట్లమీదే ఉండిపోయింది.

ఆ తర్వాత స్త్రీల కూడికల్లో డోరా చేత సాక్ష్యం చెప్పించడం మొదలైంది. దేవుడి చిత్తానికి తలవంచానని ఆమె చెబితే విన్నవాళ్లంతా కళ్లొత్తుకునేవాళ్లు. ఇంట్లో మాత్రం ఆమె స్టవ్ దగ్గరికి పోలేకపోయేది. మారేడ్‌పల్లి స్కూల్లో లెక్కలు చెబుతుండగా ఎవరో బయట ఆకులు తగలబెడితే, క్లాసు వదిలేసి రోడ్డుమీదికి పరుగెత్తింది. సెలవు పెట్టమన్నారు. అప్పుడు ఏసురత్నమే ఆమెను మనసు బాధలు వినే వసుధ అనే కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఆ భయమొక్కటి పోగొట్టండి మేడం. మిగతాదంతా బాగనే ఉంది."

వెళ్లిన ప్రతిసారీ డోరా పొగ గురించీ, కేకల గురించీ పాఠం అప్పజెప్పినట్టు చెప్పేది. ఒకరోజు వసుధ అంది: "మంట గురించి అంతా చెప్పారు. ప్రిసిల్లా గురించి ఏమీ చెప్పలేదు. ఆ సాయంత్రం మీతో ఏం మాట్లాడింది?"

డోరా చీర కొంగు మెలిపెట్టుకుంది.

"ఆకలైతుందన్నది. మిర్చిబజ్జీ తిందాం మమ్మీ అన్నది. కొలతలిచ్చొచ్చినంక కొనిస్తా అన్న." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆకలితోనే పోయింది మేడం నా పిల్ల."

ఆ తర్వాత లోపలినుంచి వచ్చిన ఏడుపు ఆమెకే కొత్తగా వినిపించింది. వసుధ ఊరుకోమనలేదు. పక్కకొచ్చి కూర్చుంది, అంతే.

ఆ రోజునుంచి డోరా ఇంట్లోనూ ఏడ్చింది. అన్నం కలుపుతూ ఏడ్చింది, పిల్ల చున్నీలు మడతపెడుతూ ఏడ్చింది. ఏసురత్నం వసుధకు ఫోన్ చేశాడు.

"తగ్గించమని పంపిస్తే ఇంక జాస్తి చేసిండ్రేంది?"

"ఇన్నాళ్లూ లోపల తొక్కిపెట్టిన దుఃఖమండీ. అది బయటికి రాకుండా భయం ఒక్కటే పోదు. కొన్నాళ్లు ఇలాగే ఉంటుంది. మీరు తోడుండండి."

ఆయన ఫోన్ పెట్టేశాడు.

సంఘం వార్షికోత్సవానికి డోరా సాక్ష్యం ముందే ఖాయమైంది. వద్దని ఆమె బతిమాలింది. "పేరు చదివేసిండ్రు, ఇప్పుడెట్ల?" అన్నాడాయన. డోరా మైకు ముందు నిలబడింది.

"నేను తలవంచలేదు. నన్నెవ్వరూ ఏడ్వనియ్యలేదు, గంతే. నా బిడ్డ నాకు కావాలె."

కుర్చీల్లో గుసగుసలు లేచాయి. పాస్టరయ్యగారు గబగబా ప్రార్థన మొదలుపెట్టారు. ఆమె చేతిలోంచి మైకు తీసుకున్నది ఏసురత్నమే.

బయట స్కూటర్ దగ్గర ఆయన పళ్లు కొరికాడు. "ఇంక ఏ ముఖం పెట్టుకోని రావాలె ఇక్కడికి?"

"పిల్లకోసం మీరు ఒక్కసారన్న ఏడ్చిండ్రా?" అని అడిగింది డోరా.

ఆయన బండి స్టార్ట్ చేశాడు.

తర్వాతి ఆదివారం ఆయన ఒక్కడే చర్చికెళ్లాడు. డోరాకు మతి స్థిమితం లేదనీ, ఆమె కోసం ప్రార్థించమనీ లేచి నిలబడి మరీ అడిగాడట. పక్కింటి హదస్సా వచ్చి చెప్పి, డోరా ముఖంలోకి చూడలేక వెళ్లిపోయింది.

మరుసటిరోజు డోరా ఒక్కతే ఆటో ఎక్కి వసుధ దగ్గరికి వెళ్లింది. ఆ పూటంతా, భర్త కూడా పోయినట్టు, ఆయన గురించే చెప్పుకుని ఏడ్చింది.