బుడగలు పేల్చిన చెయ్యి

మా కోడలి ఫిజియోథెరపీ క్లినిక్‌లో టోకెన్లు ఇచ్చేది నేనే. పెద్దాయనకు కోపం ముక్కు మీదే ఉంటుందని వచ్చేవాళ్ళు గుసగుసలాడుకుంటారు. ఆడుకోనివ్వండి. ఉన్నవి రెండు గదులు. నడుం పట్టేసిన బస్సు డ్రైవరూ, మెడ తిప్పలేని టైలరమ్మా, చీలమండ బెణికిన పరుగుపందెం పిల్లా, పాదాలు వంకరగా పుట్టిన పసివాడూ ఒకే పూట వచ్చిపడితే, నేను కాక వాళ్ళను వరసలో పెట్టేదెవరు?

మా కోడలిదో పద్ధతి. నొప్పి తగ్గిందన్నా వదిలిపెట్టదు. ఎవరి పని వాళ్ళు ఆమె కళ్ళముందు చేసి చూపించాలి. టైలరమ్మ అక్కడే మిషను తొక్కాలి. డ్రైవరు కోసం పాత బస్సు సీటొకటి తెచ్చి ముందు గది కిటికీ పక్కన బిగించింది. "ఇది క్లినిక్కా, పాత సామాన్ల కొట్టా?" అని నేను సణిగితే, "వాళ్ళు ఇక్కణ్ణించి పనిలోకేగా మామయ్యా వెళ్ళేది" అంది.

వీధి చివర సెలూన్ ఆయనకు మణికట్టు విరిగింది. కట్టు విప్పాక చూస్తే వేళ్ళు కర్రల్లా బిగుసుకుపోయాయి. కత్తి పట్టే చెయ్యి అదే, ఇల్లు గడిచేదీ దానిమీదే. వేళ్ళు కాస్త వంగడం మొదలయ్యాక మా కోడలు బుడగలు తెప్పించింది. బుడగకు నురగ రాసి, అది పగలకుండా కత్తితో గీసెయ్యాలి. లోపల పసివాడు ఉలిక్కిపడుతున్నాడని ఆయన్ని తెచ్చి ముందు గదిలో నా పక్కన కూర్చోబెట్టింది.

పొరపాటు అక్కడ జరిగింది. ఒకసారి బుడగ ఢామ్మంటే, మోకాలు వంగదని మొత్తుకునే ముసలావిడ లేచి గుమ్మం దాకా పరిగెత్తింది. అందరూ పడీ పడీ నవ్వారు. సెలూన్ ఆయన చేతిలో బుడగ పేలిన కబురు ఊరంతా పాకింది.

కొన్నాళ్ళకు బుడగలు పగలడం మానేశాయి. ఆయన సెలూన్ తెరిచాడు. ఒక్క నరపురుగు కూడా అటు తొంగిచూడలేదు. కొన్ని రోజులు ఈగలు తోలుకుని, సామాను సంచిలో వేసుకుని మా గుమ్మంలోకి వచ్చాడు.

"ఎవరూ రావట్లేదమ్మా. రేపు షాపు ఖాళీ చేసేస్తున్నా. మీకో మాట చెప్పి పోదామని."

మా కోడలి మొహం వాడిపోయింది. "తప్పు నాదండీ. నలుగురి ముందూ మిమ్మల్ని కూర్చోబెట్టకుండా ఉండాల్సింది" అంది.

గడ్డం మాసిన డ్రైవరు పక్కనే ఉన్నాడు. నువ్వు గీయించుకోవచ్చుగా అన్నట్టు అతని వైపు చూశాను.

"మెడకాయ మీద తలకాయ ఉన్నవాడెవడూ కూర్చోడు పెద్దాయనా" అని నా చెవిలో గొణిగాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆ చెయ్యి కోసం మా పిల్ల పడిన పాట్లు నేను చూశాను. ఒక్కో వేలూ పట్టుకుని వంచుతుంటే, ఆయన నొప్పికి ఓర్చుకోలేక తిట్టిన తిట్లన్నీ నవ్వుతూ పడింది. వెళ్ళి బస్సు సీట్లో కూర్చుని తల వెనక్కి వాల్చాను.

"సంచి విప్పవయ్యా."

"నాకోసమని వద్దు మామయ్యా" అంది కోడలు.

"నీకోసమెవరన్నారమ్మాయ్? గడ్డం మాసింది, గీయించుకుంటున్నా."

కత్తి గొంతు మీదకు రాగానే, అబద్ధమెందుకు, సీటు అంచు గట్టిగా పట్టుకున్నాను. అప్పుడు ఆయన వేళ్ళు నా చుబుకం కింద ఆనాయి. గట్టిగానూ లేవు, వణకనూ లేదు. ఇది మా కోడలు నిలబెట్టిన చెయ్యి అనుకున్నాను. నిశ్చింతగా కళ్ళు మూసుకున్నాను.

అయ్యాక డ్రైవరు వచ్చి నా చెంప తడిమి చూశాడు. మెడ అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడా గాటు లేదు.

"లేవండి పెద్దాయనా. నేను కూర్చుంటా."

అతని వెనకాల ఇంకో ఇద్దరు చేరారు. సెలూన్ ఆయన ఎవరికీ దండాలు పెట్టలేదు, కళ్ళొత్తుకోలేదు. డ్రైవరు గడ్డానికి నురగ పట్టించి, కత్తి తీసి, చిరాగ్గా తలెత్తాడు.

"అమ్మా, కాస్త పక్కకు జరగండి. వెలుతురు రావట్లేదు."

మా కోడలు పక్కకు జరిగింది. ఊళ్ళో ఎంతమంది ఆమెకు చేతులెత్తి మొక్కినా, ఆ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.